మనకి తిరిగి పెట్టలేనివాళ్లకి ఆతిథ్యం ఎలా ఇవ్వాలి?

మర్యాదలు చెయ్యడం మన గోదారోళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదండి, అల్లుడొచ్చాడంటే పులస కోసం అప్పైనా చేస్తాం. కానీ ఆదివారం ఆరాధన అయ్యాక సైకిల్ తీసుకుని ఒక్కడే వెళ్లిపోయే పెద్దాయన్ని భోజనానికి పిలుస్తున్నామా? లూకా 14లో ప్రభువు పిలవమన్నది మనల్ని తిరిగి పిలవలేనివాళ్లనే. రోమా 12:13లో ఆతిథ్యం అన్న చోట గ్రీకు మాటకి అసలు అర్థం పరాయివాళ్ల మీద ప్రేమ. నరసాపురంలో సువార్త చెప్పిన బౌడెన్, బీర్ గార్లు కూడా 1836లో ఓడెక్కి వచ్చిన పరాయివాళ్లే కదా.

ముందు బియ్యం సంగతి. ఆదివారం ఎసట్లో ఇద్దరికి సరిపడా ఎక్కువ పొయ్యండి, ముద్దపప్పు ఆవకాయ మజ్జిగ ఉంటే చాలు. మా అమ్మ అలాగే పోసేది, ఎవరికమ్మా అంటే ఎవరొస్తారో దేవుడికి తెలుసు అనేది, ఎవరూ రాకపోతే పొద్దున్న మాకు చద్దన్నం.

తర్వాత పిలవడం. ఎప్పుడైనా రండి అంటే ఎవరూ రారు. "ఇవాళ భోజనం మా ఇంట్లోనే బాబాయ్ గారూ, బండెక్కండి" అనాలి. మొహమాటానికి రెండుసార్లు వద్దంటారు, మూడోసారి కూడా అడగండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైంది, ఎక్కడ కూర్చోబెడతారు, ఏ కంచంలో పెడతారు అన్నది. పనికొచ్చే అక్కకైనా, కాలవ పూడిక తియ్యడానికొచ్చిన అతనికైనా మనం తినే కంచమే, మనం కూర్చునే చోటే. వాళ్లకి మాత్రం పేపర్ కప్పులో టీ పోసివ్వడం నాకు అస్సలు నచ్చదు. మా ఇంట్లోనూ ఒకప్పుడు అరుగు గూట్లో వేరే గ్లాసుండేది, అడుగున మేకుతో గీసిన గుర్తు. ఒక ఆదివారం ప్రభువు బల్లలో, అంటే అందరితో కలిసి రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడంలో, పాలుపొంది వచ్చిన నాన్న తిన్నగా వెళ్లి ఆ గ్లాసు తీసి, కడిగి, కుండలో నీళ్లు ముంచుకుని తాగారు. ఆ రోజు నుంచి అది నాన్న గ్లాసే అయింది, మేం ఎవరం ఏమీ అడగలేదు.

సణుక్కోకుండా ఆతిథ్యం చెయ్యమన్నాడు పేతురు. చాకిరీ అంతా ఆడవాళ్ల మీదే పడేస్తే సణుగుడు ఎందుకు రాదండీ, మగవాళ్లు కూడా కూరలు తరగాలి, వడ్డించాలి, కంచాలు కడగాలి.

రాత్రికి ఉండేవాళ్లుంటే బైబిల్లో షూనేము ఊరి అమ్మగారిని గుర్తు చేసుకోండి, ఎలీషా ప్రవక్తకి ఆవిడ సర్దింది మంచం, బల్ల, పీట, దీపం, అంతే. మనం ఉతికిన దుప్పటి, దోమతెర, ఫోన్ చార్జర్ ఇస్తే సరిపోద్ది.

ఇక వరదలు. ధవళేశ్వరం దగ్గర గోదారి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడోది దాకా ఆగకండి, రెండోది ఇచ్చారని తెలియగానే లంకల్లో ఉన్న మనవాళ్లకి మీరే ఫోన్ చెయ్యండి, వాళ్లు నోరు తెరిచి అడగలేరు, ఏ మతంవాళ్లైనా సరే రమ్మనండి, పిల్లల పుస్తకాలు, ముసలాళ్ల మందులు తెచ్చుకోమని చెప్పండి. పాడిగేదె ఉంటే దాన్నీ తోలుకురమ్మనండి, గడ్డి సంగతి మీరు చూసుకోండి.