వీలునామా రాసుకుందాం, 5వ పాఠం: అసలు కాగితం మీద కలం పెట్టకండి

గత పాఠంలో "చిన్న మార్పుకి కోడిసిల్ (వీలునామాకు అనుబంధంగా విడిగా రాసే పత్రం) చాలు" అన్నాను. దాన్ని చాలామంది "చిన్న మార్పయితే అసలు కాగితం మీదే దిద్దుకోవచ్చు" అని అర్థం చేసుకున్నారు. వచ్చిన అభ్యాసాల్లో కొట్టివేతలు, వైట్‌నర్ మరకలు, అంచున ఒంటి సంతకాలు ఉన్నాయి. అందుకే ఎగ్జిక్యూటర్ (వీలునామాను అమలు చేసే వ్యక్తి) ఎంపికను వచ్చే పాఠానికి వాయిదా వేసి, ఈ ఒక్క తప్పునే పట్టుకుంటున్నాను.

ఒక వీలునామాలో "తూర్పు వైపు ఎకరం పెద్ద కోడలికి" అని ఉందనుకోండి. "పెద్ద" మీద గీత కొట్టి, పైన "చిన్న" అని రాసి, పక్కన మీరొక్కరే సంతకం పెట్టారు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 71వ సెక్షన్ ప్రకారం ఆ దిద్దుబాటు చెల్లదు. గీత కింద పాత మాట చదవడానికి వీలుంది కాబట్టి ఎకరం పెద్ద కోడలికే పోతుంది. అదే మాట మీద వైట్‌నర్ పూసి, ఇక ఎవరూ చదవలేనంతగా చెరిపేస్తే? పాత మాట పోయింది, కొత్త మాట చెల్లలేదు. ఎకరం ఇద్దరికీ రాదు. "మిగిలిన ఆస్తి అంతా ఫలానా వారికి" అన్న వాక్యం ఉంటే వారికి పోతుంది, లేకుంటే వీలునామాయే లేనట్టు చట్టప్రకారం వారసులకు పోతుంది. ఒక్క చుక్క తెల్లరంగుతో జరిగేది ఇది.

దిద్దుబాటు చెల్లాలంటే దాని పక్కన అంచులోనో, దాన్ని ప్రస్తావించే మాట రాసి పత్రం చివరనో, మీ సంతకమూ ఇద్దరు సాక్షుల సంతకాలూ ఉండాలి. పాత సాక్షులే కానక్కర్లేదు. ఇంత శ్రమ పడేదానికి వేరే కాగితం మీద కోడిసిల్ రాయడమే నయం. రిజిస్టరైన వీలునామా నకలు రిజిస్ట్రేషన్ కార్యాలయంలో 3వ పుస్తకంలో ఉంటుంది. మీ చేతి కాగితం దానితో తేడాగా ఉంటే అనుమానానికి మీరే తలుపు తీసినట్టు.

నా పద్ధతి: ఒక వీలునామాకి ఒకే కోడిసిల్. రెండో మార్పు వస్తే మొత్తం కొత్తగా రాయాలి. వీలునామాకి స్టాంపు సుంకం లేదు, పిసినారితనం అక్కర్లేదు. కొత్తదాంట్లో మొదటి పేరాలోనే పాతదాని తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు, కార్యాలయం పేరు రాసి, "దానినీ దాని కోడిసిళ్లనూ పూర్తిగా రద్దు చేస్తున్నాను" అనండి. రిజిస్టరు చేయని కొత్త వీలునామా కూడా రిజిస్టరైన పాతదాన్ని రద్దు చేయగలదు, అయినా నేను రిజిస్టరు చేయమనే అంటాను. పాతది చింపేస్తే సరిపోతుందనుకోకండి, సర్టిఫైడ్ నకలు పట్టుకుని ఎవరో ఒకరు వస్తారు. రెండోది చింపితే మొదటిది తిరిగి లేస్తుందనీ అనుకోకండి. 73వ సెక్షన్ అది ఒప్పుకోదు, మళ్ళీ సాక్షుల ముందు రాయాలి.

ఎప్పుడు మార్చాలో మీకు తెలుసు: పెళ్ళి, పుట్టుక, చావు, అమ్మకం. తెలియనివి కొన్ని ఉన్నాయి. క్రైస్తవులకు పెళ్ళితో పాత వీలునామా రద్దవుతుంది, హిందువులకు కాదు. ముస్లింల వీలునామాకు సొంత నియమాలున్నాయి. విడాకులైతే మాజీ భార్య పేరు దానంతటదే పోదు. కొడుకు మీకన్నా ముందు పోయినా అతనికి పిల్లలుంటే అతని వాటా రద్దు కాదు, అతని వారసులకు వస్తుంది, తమ్ముడు ముందు పోతే అతని పిల్లలకు రాదు, మీరు ప్రత్యేకంగా రాస్తే తప్ప. పేరు పెట్టి రాసిన ఇల్లు అమ్మేస్తే, ఆ అమ్మకం డబ్బు ఆ వ్యక్తికి పోదు. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే అయిన ఊళ్ళలో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చింది. రెండూ, హద్దులతో సహా రాయండి.

అభ్యాసం: మీ వీలునామాలోని ప్రతి లబ్ధిదారూ మీకన్నా ముందు పోయారనుకుని, ఒక్కొక్క ఆస్తి ఎవరికి చేరుతుందో ఒక పట్టిక గీయండి. ఆ తర్వాత ప్రతి ఆస్తినీ ఇవాళ్టి ఈసీతో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం), భూమైతే 1బీతోనో (భూమి హక్కుల రికార్డు) పట్టాదారు పాస్‌పుస్తకంతోనో సరిచూడండి. ఖాళీ మిగిలిన ప్రతి గడికీ ఒక వాక్యం రాసి, అన్నిటినీ కలిపి కొత్త వీలునామా చిత్తుప్రతి చేయండి.