చదును పాదం: తడి అడుగు చూసి కంగారొద్దు

తాండూరు బండల మీద పిల్లల తడి అడుగు అరికాలి వంపు లేకుండా నిండుగా పడిందంటే నల్లగొండ, పాలమూరు ఇండ్లల్లో ముందు బూట్ల మాటే వస్తుంది. అంతకన్నా ముందు గోడ పట్టించి మునివేళ్ల మీద నిలబెట్టి వెనక నుంచి చూడండి. వంపు లేచి, మడమ లోపలికి తిరిగితే పాదం బిగుసుకోకుండా వంగుతున్నట్టే. నొప్పి లేకుంటే వైద్యం అక్కర్లేదు. చిన్నప్పుడు అరికాలి వంపు దగ్గర కొవ్వు ఎక్కువ, కీళ్లు వదులు. 6–10 ఏళ్లకల్లా చాలామందికి వంపు దానంతటదే వస్తుంది.

పిక్క బిగుసుకుంటే మాత్రం సాగదీయాలి. గోడకు చేతులు ఆనించి, వెనక కాలి మోకాలు నిటారుగా, మడమ నేలకు అంటి, 30 సెకన్లు. కాలికి 3 సార్లు, రోజుకు 2 పూటలు. పిల్లలు పాదాన్ని బయటికి తిప్పేస్తారు, అక్కడే చెడుతుంది: పిక్క సాగదు, పాదం మధ్యభాగం కుంగుతుంది. వేళ్లు గోడనే చూడాలి.

ఇన్‌సోల్ (బూటు లోపల వేసే అట్ట) నొప్పి తగ్గిస్తుంది గానీ వంపును పుట్టించదు. సాయంత్రం చెలక మట్టిలో ఒట్టికాళ్లతో ఆడనివ్వండి, పల్లేరుకాయలు లేనిచోట.

మునివేళ్ల మీద లేచినా వంపు రాకపోతే, ఒక్క కాలే చదునైతే, 8 ఏళ్లు దాటాక నొప్పి, బిగువు మొదలైతే ఎముకల డాక్టరుకు చూపించి ఎక్స్‌రే తీయించాలి. లోపల ఎముకలు అతుక్కొని ఉండొచ్చు.