ఆర్గానిక్ లోడ్ లెక్క కట్టే ముందు: డెయిరీ ప్లాంటు ఆపరేటర్లకు జాగ్రత్తలు

లోడ్ అంటే రోజుకు వచ్చే మురుగునీటిని దాని సీఓడీతో (నీటిలోని మలినాన్ని రసాయనాలతో ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్) గుణించి, రియాక్టర్ (సూక్ష్మజీవులు ఆ నీటిని శుద్ధి చేసే ట్యాంకు) ఘనపరిమాణంతో భాగించడమే. తప్పులన్నీ లెక్కలోకి వేసే అంకెల్లోనే.

• శాంపిల్ ఒక్కసారి ముంచి తీయకండి. ట్యాంకులు, పైపులు కాస్టిక్‌తో కడిగే వేళ సీఓడీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. 24 గంటలూ గంటగంటకూ, ప్రవాహానికి తగ్గ పాళ్లలో తీసి కలపండి. ఉదయం పదింటికి తీసిన సీసా చెప్పేది ఆ పదింటి సంగతే!

• వెంటనే పరీక్షించలేకపోతే సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కన్నా తగ్గించి, 4 డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో ఉంచండి.

• కొవ్వు పైకి తేలుతుంది. బాగా కలిపాకే పిపెట్‌తో తీయండి.

• సీఓడీ పరీక్షలో డైక్రోమేట్, పాదరసం, గాఢ ఆమ్లం, 150 డిగ్రీల వేడి ఉంటాయి. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. వాడిన ద్రావణాన్ని సింకులో పోయొద్దు.

• సీఓడీ, బీఓడీ (మలినాన్ని కుళ్లబెట్టేటప్పుడు సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) కలగాపులగం చేయొద్దు.

• ఘనపరిమాణం డ్రాయింగులోది కాదు, నీరు నిండే భాగానిది. అడుగున ఇసుక పేరుకుంటే, అది ఆక్రమించిన భాగాన్నీ లెక్కలోంచి తీసేయాలి.

• రీసర్క్యులేషన్ నీటిని (రియాక్టర్ నుంచి బయటికొచ్చాక మళ్లీ అందులోకే పంపేది) కొత్త లోడ్‌గా కలపొద్దు.

• యూనిట్లు: లీటరుకు మిల్లీగ్రాములంటే ఘనమీటరుకు గ్రాములే. 500 ఘనమీటర్లు, 4,000 సీఓడీ అయితే రోజుకు 2,000 కిలోలు. 400 ఘనమీటర్ల రియాక్టర్‌లో ఘనమీటరుకు రోజుకు 5 కిలోలు. యూఏఎస్‌బీకి (నీరు అడుగు నుంచి పైకి బురద పొర గుండా పారే, గాలి అందని రియాక్టర్) ఇది మామూలే, కానీ కొత్తగా స్టార్ట్ చేసినదానికి ఎక్కువ. అక్కడ 1 కిలో దగ్గర మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి.