నోంగ్రియాట్‌లో రెండు రాత్రులు ఉండాలనుకుంటే ముందే తెలుసుకోవాల్సినవి

మేఘాలయలో రెండంతస్తుల వేర్ల వంతెన ఫొటో ఈపాటికి మీ ఫోన్లోకి పదిసార్లు వచ్చే ఉంటుంది. ఆ వంతెన ఉన్న ఊరే నోంగ్రియాట్. లోయ అడుగున, వానడవి మధ్యలో ఉంటుంది, రోడ్డు లేదు. చాలామంది పొద్దున్నే దిగి ఫొటోలు తీసుకుని సాయంత్రానికి మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ పైకొచ్చేస్తారు. నన్నడిగితే రెండు రాత్రులు ఉండగలిగితేనే వెళ్లండి, పగటి పూట అది టూరిస్టుల ఊరు, నాలుగు దాటాకే అసలు ఊరు బయటికొస్తుంది.

ముందు దారి. గువాహటి నుంచి షిల్లాంగ్ 100 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి సోహ్రా, అంటే మనం చిన్నప్పుడు సోషల్‌లో బట్టీ పట్టిన చిరపుంజి, ఇంకో 55 దాకా ఉంటుంది. షిల్లాంగ్ బడా బజార్ వైపు నుంచి షేరింగ్ సుమోలు దొరుకుతాయి కానీ ఆదివారం మాత్రం ప్లాన్ చేసుకోవద్దు, అందరూ చర్చికెళ్తారు, బళ్లూ షాపులూ చాలా తక్కువ. సోహ్రా నుంచి టైర్నా అనే ఊరిదాకా టాక్సీ వెళ్తుంది, ఆ తర్వాత మీ కాళ్లే. మెట్లు దాదాపు 3500 అంటారు, నేను ఎనిమిదొందల దగ్గర లెక్క తప్పాను. మధ్యలో రెండు ఇనప తీగల వంతెనలొస్తాయి, అడుగు వేస్తే ఊగుతాయి, కింద నీళ్లు కనిపిస్తుంటాయి, భయమేస్తే ముందువాళ్లు దాటేదాకా ఆగి ఒక్కళ్లే దాటండి.

ఒక్క విషయం గట్టిగా చెప్తున్నా, మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత దిగడం మొదలుపెట్టకండి. మన దగ్గర ఆరింటిదాకా వెలుతురు ఉంటుంది కదా అనుకుంటాం, అక్కడ డిసెంబర్లో నాలుగున్నరకే పొద్దు వాలిపోతుంది, లోయలో ఇంకా ముందే చీకటి. నేను ఆ తప్పు చేసే ఆఖరి గంట ఫోన్ టార్చ్‌తో దిగాను, పాచి పట్టిన మెట్టు మీద జారి కూర్చున్న చోటు వారం రోజులు గుర్తుచేసింది. టైర్నాలో లోకల్ గైడ్‌ని మాట్లాడుకోండి, దారి తెలుస్తుంది, ఆ ఊళ్లో ఎవరికో రోజు కూలీ కూడా వస్తుంది.

నవంబర్ నుంచి మార్చి దాకా వెళ్తే మెట్లు పొడిగా, నీళ్లు అద్దంలా ఉంటాయి. వానాకాలం వెళ్లాలని సరదా ఉంటే ఈ లెక్క చూడండి: 2022 జూన్‌లో ఒకసారి సోహ్రాలో 24 గంటల్లో 972 మిల్లీమీటర్లు పడింది, హైదరాబాద్‌లో ఏడాదంతా కలిపినా మామూలుగా అంత పడదు. పైగా జలగలు. ఉప్పు పొట్లం జేబులో ఉంచుకోండి.

ఇక ఆ ఊరు అర్థం కావాలంటే ఒకటే కిటుకు. కంటికి కనిపించిన ప్రతి వస్తువునీ, ఇది ఎవరి వీపు మీద దిగింది అని చూడండి. సిమెంటు, బియ్యం, గుడ్ల ట్రే, గ్యాస్ సిలిండర్, మీరు పడుకునే పరుపు, అన్నీ మెట్ల మీదుగా వచ్చినవే. నేను దిగుతుంటే ఒకాయన నుదుటికి పట్టీ కట్టుకుని వెదురు బుట్టలో సిలిండర్ వేసుకుని నన్ను దాటుకుంటూ వెళ్లాడు, కాళ్లకి మామూలు రబ్బరు చెప్పులు, మెడ నరాలు తాళ్లలా బిగుసుకుని ఉన్నాయి, చేతిలో కర్ర, నోట్లో వక్క. నా వీపు మీద ఆరు కిలోల బ్యాగుకే నేను ఆయాసపడుతున్నా. అదే రాత్రి హోమ్‌స్టేలో ఒక టూరిస్టు మ్యాగీకి ఇంత రేటా అని గొడవ పెట్టుకున్నాడు, నాకైతే ఆ సిలిండరే కళ్ల ముందు తిరిగింది. కాబట్టి బేరాలాడకండి. ఏటీఎం సోహ్రాలోనే, సిగ్నల్ వచ్చీపోతూ ఉంటుంది, ఫోన్‌పే ఉందిలే అని దిగితే ఇబ్బంది పడతారు, వందలూ యాభైలూ ఉంచుకోండి.

భోజనం అంటే అన్నం, పప్పు, ఆలుగడ్డ, గుడ్డు. కారం మనకి చాలదు, చిన్న డబ్బాలో కందిపొడి పెట్టుకెళ్తే ప్రాణం లేచొస్తుంది, గాజు సీసా ఆవకాయ మాత్రం వద్దు, బరువు. ప్లాస్టిక్ కవర్లు అక్కడ పారేయకండి, వాటిని పైకి మోసేది కూడా మనిషే, మీ చెత్త మీరే తెచ్చుకోండి.

ఆడవాళ్లని కొంగ్ అనీ మగవాళ్లని బా అనీ పిలవాలి, మన అక్కా అన్నా లాగే. థాంక్స్‌కి ఖుబ్లేయ్. అక్కడ ఉండేది ఖాసీ తెగ వాళ్లు, వాళ్లలో ఇంటిపేరు తల్లిది వస్తుంది, పెద్దల ఇల్లు ఆఖరి కూతురికి దక్కుతుంది, అమ్మానాన్నల బాధ్యత కూడా ఆ అమ్మాయిదే. కూర్చోగానే క్వాయ్ ఇస్తారు, తమలపాకు, సున్నం, పచ్చి వక్క. మన తాంబూలమే కదా అని మొత్తం నోట్లో వేసుకుంటే చెవులు వేడెక్కి చెమటలు పట్టి తల తిరుగుతుంది, చిన్న ముక్కతో మొదలుపెట్టండి.

వంతెనల గురించి కొంచెం. ఆ వానలకి వెదురు వంతెన కొన్నేళ్లకే కుళ్లిపోతుంది. అందుకే వాగు ఒడ్డున ఉన్న రబ్బరు మర్రి వేర్లని దొలిచిన వక్క దూలాల్లోంచి అవతలి ఒడ్డుకి నడిపిస్తారు, పదిహేను, ఇరవై, ముప్ఫై ఏళ్లు పడుతుంది, తర్వాత వాడేకొద్దీ బలపడుతుంది. 2022లో ఇవి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి. సన్నటి వేర్లు చుట్టి కట్టి కనిపిస్తే లాగకండి, రేపటి వంతెన రెయిలింగ్ అదే. ఊపకండి, గుంపుగా నిలబడి రీల్స్ చేయకండి.

మరి అక్కడి పిల్లలకి భవిష్యత్తు ఏంటి అంటే, పై చదువులకి మెట్లెక్కాల్సిందే, ఎక్కినవాళ్లలో అందరూ తిరిగి దిగరు. వక్కలు, తమలపాకులు, మిరియాలు, తేనె, కొండచీపుర్లు, బిర్యానీ ఆకు, ఇవీ పాత ఆదాయాలు, సంతకి మోసుకెళ్తేనే డబ్బు. చీపుర్ల కథ పాడేరు, అరకు వైపు వాళ్లకి కొత్తేం కాదు. ఇప్పుడు వాటికి హోమ్‌స్టే తోడైంది, అది మాత్రం సంతకి సరుకు మోయక్కర్లేని ఆదాయం, కొనేవాడే నడుచుకుంటూ వస్తాడు. బయటివాళ్లు స్థలం కొని రిసార్ట్ పెట్టేద్దామంటే కుదరదు, గిరిజనేతరులకి భూమి అమ్మకుండా 1971 నుంచి అక్కడ చట్టం ఉంది, మన ఏజెన్సీలో 1/70 చట్టం ఉన్నట్టు. అది ఉంది కాబట్టే హోమ్‌స్టే డబ్బులు ఆ ఊళ్లో మిగులుతున్నాయని నా అభిప్రాయం. రోడ్డొస్తే అందం పోతుందని మనలాంటివాళ్లం అంటాం, అనడం తేలికే, వక్కల బస్తా మన నెత్తిన లేదుగా. రాత్రిపూట ఎవరికైనా ఒంట్లో బాలేకపోతే మోసుకునే ఎక్కించాలి. రోడ్డు గురించి ఆ ఊరివాళ్లే చెప్పాలి, మనం కాదు.

రెండో రోజు పొద్దున్నే ఇంకో గంట నడిస్తే రెయిన్‌బో జలపాతం ఉంది, చూడండి. మూడో రోజు ఆరింటికల్లా ఎక్కడం మొదలుపెట్టండి, ఎండ రాకముందే సగం అయిపోవాలి. బయల్దేరేముందు మాత్రం అక్కడే బిర్యానీ ఆకు కొనుక్కోండి, ఒక సంచి నిండా కొన్నా బరువుండదు. పైన టైర్నాలో కొందాంలే అనుకుంటే, ఆ మెట్లెక్కాక మంచినీళ్లు తప్ప ఎవరికీ ఏదీ గుర్తుండదు.