సంతకం లేని గిరిజన శైలి జంతు చిత్రాన్ని గుర్తించే పద్ధతి

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో పాత సామాన్ల దుకాణంలో, ఎర్రమట్టి రంగు మీద తెల్లని ఏనుగులు, గుర్రాలు, నెమళ్లు బారులు తీరిన పటం ఒకటి చవకగా దొరికిందనుకుందాం. సంతకం ఉండదు. దుకాణదారు దాన్ని "వర్లీ" అంటాడు, అంటే మహారాష్ట్ర గిరిజనుల చిత్రశైలి. సీతంపేట కొండల్లో సవర గిరిజనుల ఊళ్లు ఇంత దగ్గరగా ఉండగా మహారాష్ట్ర పేరు ముందుగా నోటికి రావడం నాకు బాధ కలిగిస్తుంది. అయితే ఆ బాధతో వెంటనే "ఇది సవరలదే" అనేయడం కూడా పొరపాటే. పటాన్ని నిదానంగా చదవాలి.

ముందుగా దాన్ని తడిగుడ్డతో తుడవకూడదు. బియ్యప్పిండితోనో పోస్టర్ రంగులతోనో వేసిన గీతలు నీటికి కరిగిపోతాయి. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపి, పగటి వెలుతురులో ముందు వెనుకలను ఫొటో తీసుకోవాలి. తరువాత భూతద్దంతో చూడాలి. రంగంతా వరుస తప్పని సన్నని చుక్కలుగా విడిపోతే అది అచ్చువేసిన బొమ్మ. గీత అంచున రంగు కాస్త ఉబ్బి, కుంచె ఆగిన చోట చిక్కబడి, ఒక గీత మరొకదాని మీదుగా పోయినట్టు కనిపిస్తే చేత్తో వేసినదని నమ్మవచ్చు.

అసలు పని ఆ తరువాత మొదలవుతుంది. ఎర్ర నేపథ్యం, తెల్ల గీత సవరల చిత్రాల్లోనూ ఉన్నాయి, వర్లీలోనూ ఉన్నాయి. కాబట్టి రంగును బట్టి ఏమీ తేల్చలేము, ఆకారాలను చూడాలి. వర్లీ మనిషి రెండు త్రిభుజాలు మొనతో మొన కలిసినట్టు, నడుము దారమంత సన్నగా ఉంటాడు. సవరల బొమ్మల్లో మనుషులు కొంచెం సాగి ఉంటారు, త్రిభుజాల మొనలు అంత పదునుగా ఉండవు. సవరలు ఇడితాల్ అని పిలిచే గోడచిత్రంలో మొదట చుట్టూ చట్రం గీస్తారు. ఆ చట్రం ఒక ఇల్లు, అందులో దేవతలో పితరులో నివసిస్తారు. బొమ్మలు చట్రం అంచుల నుంచి లోపలికి నిండుతూ వస్తాయి. ఏనుగులు, గుర్రాలు ఆ దేవతల, పితరుల వాహనాలు కావడం వల్ల వాటి మీద ఎక్కిన మనుషులు తరచుగా కనిపిస్తారు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ సవరల మతం గురించి 1955లో ప్రచురించిన గ్రంథంలో ఈ చిత్రాలను వివరంగా నమోదు చేశారు.

పటంలో ఒకే పెద్ద జింక ఉండి, దాని ఒళ్లంతా సన్నని గీతలతో, చుక్కలతో, చేప పొలుసుల వంటి అల్లికతో, పలు రంగులతో నిండి, కొమ్ములు చెట్టుకొమ్మలుగా మారితే, అది మధ్యప్రదేశ్ గోండు శైలి. కాగితం మీద, కాన్వాసు మీద ఆ శైలి 1980ల మొదట్లో గోండు చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్‌తో రూపు దిద్దుకుంది. అందువల్ల అటువంటి పటాన్ని 1960 నాటిదని ఎవరైనా అమ్మజూపితే నమ్మనక్కరలేదు.

కాలాన్ని అంచనా వేయడానికి పటం వెనుక భాగమే ఎక్కువ ఉపయోగపడుతుంది. చట్రం కట్టిన దుకాణం చీటీ మీద ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే అది 1972 తరువాతిది. "విజయనగరం జిల్లా" అని ఉంటే 1979 జూన్ తరువాతిది. సీతంపేటకు "పార్వతీపురం మన్యం జిల్లా" అని రాసి ఉంటే 2022 ఏప్రిల్ తరువాతిది. అయితే చీటీ చెప్పేది చట్రం వయసే గాని చిత్రం వయసు కాదు, ఎందుకంటే పాత చిత్రానికి కొత్త చట్రం కట్టించడం మామూలే. నోట్లు పరీక్షించే అతినీలలోహిత దీపం చీకటిలో చూపితే కాగితం నీలితెలుపుగా మెరిసిందంటే, అది సుమారు 1950 తరువాత వాడుకలోకి వచ్చిన తెలుపుదనపు రసాయనం కలిపిన కాగితమని అర్థం.

సంతకం లేకపోవడాన్ని లోపంగా చూడకూడదు. ఇంటి గోడ మీద పితరుల కోసం వేసిన చిత్రానికి సంతకం చేసే అవసరమే రాదు. కానీ ఆ గోడచిత్రం పటం కట్టించి అమ్మే వస్తువు కాదు. కాబట్టి మన చేతిలో ఉన్నది అమ్మకానికో, శిక్షణలోనో, వేరొకరు చూసి అనుకరించో వేసినదై ఉండే అవకాశమే ఎక్కువ. సవర చిత్రకారుడు వేసినదా, సవర శైలిలో పట్టణవాసి వేసినదా అన్నది గీతను చూసి మాత్రమే తేలదు.

అందుకే చివరికి మనుషులను అడగాలి. ఫొటోలు తీసుకుని సీతంపేట వైపు సవర పెద్దలకు, లేదా పాతపట్నం దాటి ఒడిశాలోని పర్లాకిమిడి వైపు సవరలకు చూపించవచ్చు. "ఇది అసలుదేనా, ఎంత వస్తుంది" అని మొదలుపెట్టకుండా, "ఇందులో ఎవరున్నారు, ఈ జంతువు ఎందుకుంది" అని అడగాలి. ఎవరైనా ఇది పూజకు సంబంధించినదని చెప్పి ఇబ్బంది పడితే, ఆ మాటను గౌరవించి, దాన్ని అమ్మే ఆలోచన మానుకోవడం మంచిదని నా అభిప్రాయం.

తెలిసినదాన్ని ఒక విడి కాగితం మీద పెన్సిలుతో రాసి పటంతో పాటు ఉంచండి: "సవర శైలి, చిత్రకారుడు తెలియదు, కాగితం 1950 తరువాతిది, విజయనగరంలో కొన్నది", కొన్న తేదీతో సహా. ఎవరు ఏమి చెప్పారో కూడా వారి అనుమతితో అదే కాగితం మీద చేర్చండి.