ముందు చక్రాల చప్పుళ్లు – 4వ పాఠం: బేరింగు మార్చినా పోని హోరు

ఈ పాఠంలో యాక్సిల్ జాయింటు గురించి చెప్పాలనుకున్నాను. అయితే మూడో పాఠం చదివి బేరింగు (చక్రం సాఫీగా తిరిగేలా దాని నడిమిలో ఉండే గుండ్ల రింగు) మార్పించినవారిలో కొందరికి హోరు అలాగే ఉండిపోయిందని, ఇద్దరు ఏకంగా రెండో వైపు బేరింగు కూడా మార్పించారని తెలిసింది. డబ్బు, శ్రమ రెండూ వృథా అయినందున ముందు ఆ సంగతి తేల్చుకుందాం.

కారు ఎడమకు తిరిగేటప్పుడు హోరు పెరిగితే కుడి చక్రాన్ని అనుమానించమని రాశాను. కొందరు దీన్ని తిరగేసి చదువుకున్నారు. ఎడమకు మలుపు తిరిగే బస్సులో నిలబడ్డవారు కుడివైపుకు తూలుతారు. కారు బరువు కూడా అలాగే కుడి చక్రం మీదికి ఒరుగుతుంది, బరువు పడిన బేరింగు గట్టిగా మోగుతుంది. అయినా ఈ ఒక్క గుర్తును చూసి బేరింగు కొనకూడదు. దాని లోపల గుండ్లు రెండు వరుసల్లో ఉంటాయి కనుక, అరిగింది ఏ వరుస అన్నదాన్ని బట్టి అప్పుడప్పుడు ఫలితం తారుమారవుతుంది.

అసలు నన్ను బాధించేది మరొకటి: టైరును చేతితో తాకి కూడా చూడకుండా బేరింగు పోయిందని తేల్చేయడం. ఒకసారి ఇదే ఫిర్యాదుతో ఒక కారు నా దగ్గరికి వచ్చింది. అప్పటికే రెండు ముందు బేరింగులూ మార్చారు, యాభై కిలోమీటర్ల వేగం దాటగానే గూ అనే మోత మాత్రం పోలేదు. స్టీరింగును ఒక పక్కకు పూర్తిగా తిప్పి, టైరు లోపలి అంచును అరచేతితో నిమిరాను. ముందుకు నిమిరితే నున్నగా ఉంది, వెనక్కి నిమిరితే ఒక్కొక్క రబ్బరు దిమ్మె అంచు రంపపు పన్నులా చేతికి తగిలింది. పైనుంచి చూస్తే ఆ టైరు కొత్తదానిలా కనిపిస్తుంది, ఎందుకంటే అరిగినదంతా లోపలి వైపే. చక్రాల అలైన్‌మెంటు, అంటే అవి నిలబడే కోణం తప్పి టైరు రోడ్డు మీద కొద్దిగా పక్కకు ఈడ్చుకుపోతూ దొర్లడం వల్ల ఇలా అవుతుంది. దిమ్మెలు ఒక్కొక్కటిగా రోడ్డును కొడుతుంటే పుట్టే మోత అచ్చంగా బేరింగు మోతలాగే ఉంటుంది.

రెండింటినీ వేరు చేయడానికి రోడ్డే సాయం చేస్తుంది. ఊళ్లోని సీసీ రోడ్డు మీద నుంచి తారు రోడ్డు ఎక్కండి, వేగం మాత్రం మార్చకండి. రోడ్డు మారగానే స్వరం మారితే టైరును చూడాలి. రోడ్డు ఏదైనా అదే మోత అదే స్థాయిలో వస్తుంటే బేరింగు మీద అనుమానం బలపడుతుంది. ఇంకా సందేహముంటే ముందు టైర్లను అదే పక్కన వెనక్కి మార్చి నడపండి. మోత కూడా వెనక్కి పోతే బేరింగు జోలికి పోనక్కరలేదు.

బేరింగు నిజంగానే పోయి, కొత్తది వేసినా కొద్ది రోజులకే మోగితే, బిగించిన తీరును అనుమానించాలి. ప్రెస్ (బేరింగును నొక్కి కూర్చోబెట్టే యంత్రం) లేనిచోట సుత్తితో కొట్టి కూర్చోబెడతారు. వెలుపలి రింగు బిగువుగా దిగాల్సిన చోట లోపలి రింగు మీద దెబ్బ పడితే, ఆ దెబ్బ గుండ్ల మీదుగా వెళ్లి, అవి దొర్లే దారిలో సన్నని గుంటలు పెడుతుంది. కొత్త బేరింగు అక్కడే పాడైపోతుంది. అందువల్ల ప్రెస్ ఉన్న షెడ్డుకే ఈ పని ఇవ్వమంటాను, రెండు రోజులు ఆగవలసి వచ్చినా సరే.

నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మే పరీక్ష, చక్రం దగ్గర కారు బరువును మోసే స్ప్రింగు మీద చెయ్యి పెట్టి చూడటం. చదునైన నేల మీద ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, ముందు చక్రాన్ని పైకెత్తండి. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండు కూడా పెట్టాలి. ఒక చెయ్యి కాయిల్ స్ప్రింగు మీద ఆనించి, రెండో చేతితో చక్రాన్ని తిప్పండి; వేళ్లు టైరుకూ స్ప్రింగుకూ మధ్య పడకుండా చూసుకోండి. అరిగిన బేరింగు అయితే తిరగలిలో ఇసుక పడినట్టు గరగర స్ప్రింగు గుండా చేతికి తెలుస్తుంది. బ్రేకు ప్యాడ్ల రాపిడి వినిపిస్తుందే గాని స్ప్రింగులో అంతగా తెలియదు. మంచి చక్రం ఎలా ఉంటుందో చేతికి ఎరుక ఉండాలి కనుక, అనుమానం లేని వైపే ముందు పరీక్షించండి.

కంకర రోడ్డు మీద నడిచాక హఠాత్తుగా మొదలయ్యే సన్నని గీరుడు వీటిలో దేనికీ చెందదు. బ్రేకు డిస్కుకూ దాని వెనక రేకుకూ మధ్య రాయి ఇరుక్కుని ఉంటుంది. ఖాళీ స్థలంలో రెండు మూడుసార్లు వెనక్కీ ముందుకూ నడిపితే తరచుగా అదే రాలిపోతుంది.

వచ్చే పాఠానికి ముందు చేయవలసిన పని: నాలుగు టైర్లనూ లోపలి అంచు, మధ్య, బయటి అంచు చొప్పున రెండు దిశల్లో నిమిరి, చేతికి తగిలినదంతా కాగితం మీద రాయండి. తర్వాత 40, 60, 80 వేగాల్లో సీసీ రోడ్డు మీద ఒకసారి, తారు రోడ్డు మీద ఒకసారి నడపండి. మీరు నడుపుతుంటే మరొకరు పక్క సీట్లో కూర్చుని వినాలి, ఎందుకంటే నడిపేవారి దృష్టి రోడ్డు మీదే ఉండాలి. ఆ తర్వాతే స్ప్రింగు పరీక్ష. ఈ మూడూ అయ్యేదాకా ఏ భాగమూ కొనకండి.