వెబ్ పేజీలో తెలుగు చెడిపోయినప్పుడు: సమస్య - పరిష్కారం

వెబ్ పేజీల రూపకల్పనను పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకునేవారు, ఆ పుస్తకం ఎంత సరదాగా, బొమ్మలతో, అభ్యాసాలతో నడిచేదైనా, దాదాపు ఒకే చోట ఆగిపోతుంటారు. పుస్తకంలోని ఇంగ్లీషు పేజీని ఉన్నదున్నట్లు కొట్టినంతసేపు అంతా సవ్యంగానే ఉంటుంది. ఆ మాటలు తీసేసి కపిలతీర్థం గురించో, శ్రీకాళహస్తి కలంకారీ గురించో, చిత్తూరు తోతాపురి మామిడి గురించో నాలుగు తెలుగు వాక్యాలు పెట్టగానే పేజీ చెడిపోతుంది. మనకు దొరికే మంచి పుస్తకాలలో ఎక్కువభాగం ఇంగ్లీషులో, ఇంగ్లీషు ఉదాహరణలతో రాసినవి కనుక ఈ ఇబ్బంది వాటిలో కనిపించదు. ట్యాగులు రాయడం, స్టైల్‌షీటును జతచేయడం, ఫైలును సేవ్ చేసి బ్రౌజరులో తెరవడం వచ్చినవారి కోసమే ఈ వివరణ.

అన్నిటికంటే ముందు చేయవలసిన పరీక్ష

పేజీని బ్రౌజరులో తెరిచి, కంట్రోల్-ఎఫ్ నొక్కి, మామూలు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత స్థానం ఇచ్చే ప్రమాణం) తెలుగు కీబోర్డుతో ఆ పేజీలో ఉన్న మాటనొకదాన్ని కొట్టి వెతకండి. "తిరుపతి" వంటి వత్తులు, పొల్లులు లేని మాటను ఎంచుకోవడం మంచిది. మాట దొరికితే అక్షరాలు సరైనవే. లోపం ఫాంటులోనో స్టైల్‌షీటులోనో ఉంది. దొరకకపోతే బ్రౌజరు చదువుతున్నవి తెలుగు అక్షరాలే కావు. అప్పుడు ఎన్ని ఫాంట్లు మార్చినా ప్రయోజనం ఉండదు. అక్షరం చెడిందా, అక్షరపు రూపం చెడిందా అన్నది తేలకుండా మరమ్మతు మొదలుపెట్టకూడదు. పది సెకన్లు కూడా పట్టని ఈ పరీక్షను వదిలేసి, బ్రౌజరును తీసి మళ్లీ వేసుకునేవారిని, విండోస్‌నే మళ్లీ ఎక్కించుకునేవారిని చూసి చూసి విసుగు పుట్టింది.

లక్షణం: తెలుగు ఉండవలసిన చోట అన్నీ ప్రశ్నార్థకాలే

ఫైలును పాత పద్ధతిలో, అంటే ఆన్సీ సంకేతంలో సేవ్ చేశారు. ఆ సంకేతంలో తెలుగుకు చోటు లేదు కనుక ప్రతి అక్షరం స్థానంలో ఒక ప్రశ్నార్థకం చేరింది. విండోస్ 10లో 2019 మే నెల కూర్పు నుంచి నోట్‌ప్యాడ్ తనంతట తాను యూటీఎఫ్-8లో, అంటే యూనికోడ్ అక్షరాలను ఫైలులో దాచే సంకేతంలో, సేవ్ చేస్తోంది. అంతకు ముందరి కంప్యూటర్లున్న కళాశాల ల్యాబులలో ఈ సమస్య ఇప్పటికీ ఎదురవుతుంది. "సేవ్ యాజ్" పెట్టెలో కింద ఉండే ఎన్‌కోడింగ్ వద్ద యూటీఎఫ్-8ను ఎంచుకోవాలి. అయితే ఇప్పటికే ప్రశ్నార్థకాలుగా మారిన పాఠ్యం ఆ ఫైలు నుంచి తిరిగి రాదు, మళ్లీ కొట్టవలసిందే.

లక్షణం: తలమీద వాలుగీత ఉన్న ఇంగ్లీషు "ఏ"లు, డిగ్రీ గుర్తులు బారులు తీరాయి

ఇది చూడటానికి భయంకరంగా ఉన్నా నిజానికి శుభసూచకం, ఎందుకంటే అక్షరాలు భద్రంగానే ఉన్నాయి. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరానికి మూడేసి బైట్లు పడతాయి. ఆ మూడింటిని బ్రౌజరు ఒక్క అక్షరంగా కాక మూడు వేర్వేరు పాశ్చాత్య అక్షరాలుగా చదివినప్పుడు, మొదటిది ఎప్పుడూ ఆ వాలుగీత "ఏ"గానే కనిపిస్తుంది. రెండవది హల్లులకు డిగ్రీ గుర్తుగాను, కొమ్ము, ఏత్వం, పొల్లు వంటి వాటికి ప్లస్-మైనస్ గుర్తుగాను కనిపిస్తుంది. ఈ రెండు గుర్తులు పదేపదే వస్తున్నాయంటే సాధారణంగా కారణం ఒకటే: పేజీ తలభాగంలో చార్‌సెట్ (అక్షర సంకేతం) యూటీఎఫ్-8 అని ప్రకటించే మెటా ట్యాగు లేదు, లేదా చాలా కిందికి జారిపోయింది. అది ఫైలులోని మొదటి 1024 బైట్ల లోపలే ఉండాలన్నది హెచ్‌టీఎమ్‌ఎల్ నియమం కనుక, తలభాగం తెరవగానే మొదటి పంక్తిగా రాయడం అలవాటు చేసుకోవాలి. ఇంగ్లీషు అక్షరాల బైట్లు పాత సంకేతంలోను, యూటీఎఫ్-8లోను ఒకటే కనుక, ఈ పంక్తిని మరచినా పుస్తకంలోని పేజీ చక్కగానే కనిపిస్తుంది. పుస్తకం ప్రకారమే చేశామని విద్యార్థులు వాదించేది ఇందుకే. వారి మాట నిజమే.

లక్షణం: మా కంప్యూటరులో తెలుగు చక్కగా ఉంది, ఫోనులో మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి

అసలు మోసం చేసేది ఇదే. ఫైలు యూటీఎఫ్-8లో ఉంటుంది, మెటా ట్యాగు తన చోట తాను ఉంటుంది, పై రెండు లక్షణాలూ పేజీలో కనిపించవు. తయారుచేసినవారి తెరమీద అక్షరాలు అచ్చుపుస్తకంలో ఉన్నంత అందంగా ఉంటాయి. అందువల్ల తప్పంతా ఫోనుదేనని, అందులో తెలుగు ఫాంటు లేదని తీర్మానించుకుంటారు. ఈ రోజుల్లో తెలుగు చూపలేని ఫోను అరుదు. అదే ఫోనులో వాట్సాప్‌లో తెలుగు సందేశాలు చదువుతూనే ఈ మాట అంటారు.

కారణం పాఠ్యం వచ్చిన దారిలో ఉంది. పేజీలో పెట్టిన సమాచారం పెళ్లిపత్రికలు, కరపత్రాలు వేసే డీటీపీ సెంటరు నుంచో, పేజ్‌మేకర్ అనే పాత అచ్చు సాఫ్ట్‌వేరు ఫైలు నుంచో, పాత పీడీఎఫ్ నుంచో కాపీ చేసి అతికించినదై ఉంటుంది. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా అచ్చుపనిలో "అను" వంటి ఫాంట్ల వాడకం చాలాకాలంగా పాతుకుపోయి ఉంది. అవి అచ్చు కోసం తయారైనవి, ఆ పనికి అవి సరిపోతాయి. కాని వాటిలో దాచి ఉంచేది తెలుగు అక్షరం కాదు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాలలోనే గుడి, కొమ్ము, తలకట్టు, వత్తు వంటి తెలుగు ముక్కల బొమ్మలను కూర్చి పెట్టారు. ఇంగ్లీషు అక్షరానికి తెలుగు వేషం కట్టినట్లన్నమాట. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో వేషం కనిపిస్తుంది, లేని చోట వేషం ఊడి లోపలి ఇంగ్లీషు బయటపడుతుంది. యూనికోడ్‌లో మాత్రం తెలుగుకు 1991లో వచ్చిన తొలి కూర్పు నుంచే సొంత స్థానాలున్నాయి. అక్కడ "త" అంటే ఏ ఫాంటులోనైనా "త"యే.

నిర్ధారణకు కంట్రోల్-ఎఫ్ పరీక్ష చాలు. కళ్లెదుట "తిరుపతి" అని కనిపిస్తున్నా వెతికితే దొరకదు. అప్పటికీ నమ్మకం కలగకపోతే కంట్రోల్-యు నొక్కి పేజీ మూలాన్ని చూడండి. అక్కడ పేజీ ఫాంటు వర్తించదు కనుక ఇంగ్లీషు చెత్త తేటతెల్లంగా కనిపిస్తుంది. చాలామంది దీన్ని ఎడిటరులో మొదటి రోజే చూసి ఉంటారు. "ఎడిటరులో అలాగే ఉంటుంది సార్, బ్రౌజరులో బాగానే వస్తుంది" అని సర్దుకుపోతారు. ఎడిటరులో చదవలేని తెలుగు తెలుగు కాదు. అక్కడే ఆగి ఉండవలసింది.

ఇంతకంటే ప్రమాదకరమైన రూపం ఒకటుంది. ఫోనులో కనిపించడం లేదని ఎవరో సలహా ఇస్తే, స్టైల్‌షీటులో ఫాంట్-ఫేస్ నియమం రాసి ఆ అచ్చు ఫాంటునే పేజీతోపాటు పంపిస్తారు. దానితో అన్ని ఫోనుల్లోను తెలుగు కనిపించి, సమస్య తీరినట్లే ఉంటుంది. కాని గూగుల్‌లో వెతికితే ఆ పేజీ దొరకదు, ఎవరైనా ఒక వాక్యం కాపీ చేసుకుంటే చెత్త వస్తుంది, చూపులేనివారు వాడే స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. పైగా కొనుక్కున్న ఫాంటును అలా పంచే హక్కు మనకు ఉంటుందన్న నమ్మకమూ లేదు. ఒకప్పుడు కొన్ని తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఇలాగే సొంత ఫాంట్లతో నడిచేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ఫైర్‌ఫాక్స్‌కు "పద్మ" అనే పొడిగింపునే తయారుచేయవలసి వచ్చింది.

పరిష్కారం పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చడమే. దీనికి మార్పిడి సాధనాలున్నాయి. అయితే ఫాంటు ఏదో, దాని ఏ కూర్పో డీటీపీ చేసినవారిని అడిగి తెలుసుకున్న తరువాతే వాడాలి, ఎందుకంటే కూర్పు మారితే ముక్కల అమరికా మారుతుంది. ముక్కలను కలిపి అక్షరాలు చేసే పని కనుక ఏ సాధనమూ పూర్తిగా శుద్ధంగా ఇవ్వదు. వత్తులు తారుమారు కావడం, కొమ్ము పక్క అక్షరానికి అంటుకోవడం, అంకెలు గుర్తులుగా మారడం మామూలే. శ్రీకాళహస్తి, చంద్రగిరి, కార్వేటినగరం వంటి పేర్లను ఒక్కొక్కటిగా పైకి చదివి సరిచూసుకోవాలి. ఒకటి రెండు పేజీల విషయమైతే మార్పిడి కంటే ఫోనులోని తెలుగు కీబోర్డుతో కొత్తగా కొట్టుకోవడమే త్వరగా తెములుతుంది. ఆ తరువాత స్టైల్‌షీటులో పాత ఫాంటు పేరును తీసేయడం మరవకూడదు. దాన్ని అలాగే ఉంచి, మార్చినా ఫలితం లేదని తిరిగి వచ్చినవారూ ఉన్నారు.

లక్షణం: ఫాంటు మార్చినా తెలుగు రూపం మారడం లేదు

పుస్తకం సూచించిన ఇంగ్లీషు ఫాంటులో తెలుగు అక్షరాలే లేకపోతే బ్రౌజరు తనకు తోచిన మరో ఫాంటును వాడుకుంటుంది. మండలి, రామభద్ర, సూరన్న, ఎన్‌టీఆర్ వంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. శీర్షికలకు రామభద్ర నిండుగా ఉంటుంది కాని పేరాలకు బరువు. చదివే పాఠ్యానికి మండలి హాయిగా ఉంటుంది.

లక్షణం: వత్తులు కింది వరుసను తాకుతున్నాయి, లేదా మీటలలో (బటన్లలో) తెగిపోతున్నాయి

పుస్తకంలోని వరుస ఎత్తు ఇంగ్లీషుకు లెక్కగట్టినది. తెలుగులో పైన గుడి, కింద వత్తు రెండూ ఉంటాయి కనుక లైన్-హైట్‌ను 1.6 నుంచి 1.8 వరకు పెంచాలి. మెనూ మీటలకు పిక్సెళ్లలో ఎత్తు బిగించకుండా పైన, కింద ప్యాడింగ్ ఇస్తే "పుత్తూరు" కిందిభాగం తెగకుండా ఉంటుంది.

మిగిలినవి

ఖాళీ పెట్టెలు కనిపిస్తే ఆ కంప్యూటరులో తెలుగు ఫాంటు లేదని అర్థం. విండోస్ ఎక్స్‌పీ నుంచే గౌతమి అనే తెలుగు ఫాంటు ఉన్నందున ఇది ఇప్పుడు అరుదు, వెబ్ ఫాంటు జతచేస్తే తీరిపోతుంది. అక్షరాల మధ్య ఎడం పెంచే లెటర్-స్పేసింగ్, మొదటి అక్షరాన్ని పెద్దది చేసే ఫస్ట్-లెటర్ నియమాలు తెలుగులో ఇబ్బంది పెడితే వాటిని తీసేయండి, వాటికోసం గంటలు పోగొట్టుకోవడం అనవసరం. ఇంటి కంప్యూటరులో బాగుండి సర్వరులో పెట్టాక మాత్రమే వాలుగీత "ఏ"లు కనిపిస్తే, సర్వరు పంపే చార్‌సెట్ శీర్షిక మీ మెటా ట్యాగును తోసిపుచ్చుతోంది. ఆ అమరికను యూటీఎఫ్-8కు మార్చమని హోస్టింగ్ చూసేవారిని అడగాలి.